పౌరసత్వ పరీక్ష మీద మీ వార్త, మా పెద్దాయన బీపీ

సంపాదకుల వారికి,

రెండు వారాల కింద మీ ఎన్నారై పేజీలో అమెరికా పౌరసత్వ పరీక్ష మీద వేసిన వార్త గురించి టెక్సాస్ నుంచి రాస్తున్న ఉత్తరం ఇది. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు.

'అమెరికా పౌరసత్వం ఇక గగనమే' అని అంత పెద్ద హెడ్డింగు, కింద 128 ప్రశ్నలకు జవాబులు రాయాలని వార్త. ఎవరు చెప్పారండీ మీకు? సివిక్స్ ప్రశ్నలకు, అంటే అమెరికా చరిత్ర, ప్రభుత్వం గురించి అడిగేవాటికి, కాగితం, కలం ఉండవు. ఆఫీసరు ఎదురుగా కూర్చుని నోటితో అడుగుతారు, మనం నోటితో చెప్పాలి. 128 అనేది చదువుకుని వెళ్లాల్సిన జాబితా. అందులోంచి అడిగేవి 20, సరిగ్గా చెప్పాల్సినవి 12. పన్నెండు చెప్పగానే ఆపేస్తారు, తొమ్మిది తప్పినా ఆపేస్తారు. తప్పితే కొంప మునిగిపోదు, 60 నుంచి 90 రోజుల్లో మళ్లీ పిలిచి పోయిన భాగం మాత్రమే అడుగుతారు. అదీ ఎవరికి? 2025 అక్టోబర్ 20న గానీ ఆ తర్వాత గానీ ఎన్-400 అనే పౌరసత్వ దరఖాస్తు పెట్టినవాళ్లకు. అంతకు ముందు పెట్టినవాళ్లకు పాత పరీక్షే, 100 ప్రశ్నల జాబితాలోంచి పది అడుగుతారు, ఆరు చెబితే చాలు. ఈ తేదీ ఒక్కటి వేసి ఉంటే మీ సొమ్మేం పోయేది? మా వీధిలో ఒక పెద్దాయన ఆ తేదీకి ముందే దరఖాస్తు పెట్టి, పాత పుస్తకం మొత్తం బట్టీ కొట్టి ఇంటర్వ్యూ కోసం ఎదురుచూస్తున్నారు. మీ కటింగ్ వాట్సాప్‌లో వచ్చింది, అంతే, ఉన్న పుస్తకం పక్కన పడేసి కొత్తది ప్రింట్ తీయించుకుని మొదటి నుంచి మొదలుపెట్టారు. టెన్షన్‌తో బీపీ పెరిగింది, కోడలి ప్రాణం తీస్తున్నారు.

పోనీ ఆ వార్తలో ధైర్యం చెప్పే వాక్యం ఒకటుంది కదా అంటే, అదీ సగమే. 'వృద్ధులు తెలుగులోనే జవాబులు చెప్పవచ్చు' అని రాశారు. ఏ వృద్ధులు? యాభై దాటి, గ్రీన్ కార్డుతో 20 ఏళ్లు ఇక్కడున్నవాళ్లు, లేదా యాభై అయిదు దాటి 15 ఏళ్లు ఉన్నవాళ్లు. అరవై అయిదు దాటి 20 ఏళ్లు ఉంటే ఇంకా సులువు, 20 ప్రశ్నల చిన్న జాబితా చదువుకుంటే చాలు. కానీ మన అమ్మానాన్నల లెక్క వేరు. పిల్లలు సిటిజన్లయ్యాక పిలిపించుకుంటే అరవై దాటాక వస్తారు. దరఖాస్తుకు అర్హత ఐదేళ్లకే వస్తుంది, ఇంగ్లిష్ లేకుండా గట్టెక్కాలంటే మాత్రం గ్రీన్ కార్డు మీద పదిహేనేళ్లు నిండాలి. అరవై రెండేళ్లకు వచ్చినావిడ డెబ్బై ఏడు దాకా ఆగాలన్న మాట. మీ ఒక్క వాక్యం చదివి ఎంతమంది అత్తగార్లు ఇంగ్లిష్ క్లాసు మానేశారో నాకు తెలుసు, ఎందుకంటే ఆదివారాలు మా ఊరి లైబ్రరీలో ఆ క్లాసు చెప్పేది నేనే. నిజంగా మతిమరుపు జబ్బో, అలాంటి ఆరోగ్య సమస్యో ఉండి చదవలేని వాళ్లకు డాక్టరు నింపి ఇచ్చే ఎన్-648 అనే ఫారం ఉంది. దాని ఊసే మీ వార్తలో లేదు.

ఆ క్లాసుకు ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు వస్తారు. పుస్తకం అంచుల్లో ఎర్ర సిరాతో జవాబులన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకుంటారు, 'మాడిసన్, హామిల్టన్, జే' అని, కింద గీత కూడా కొట్టి. మీ రాష్ట్ర గవర్నర్ ఎవరు అన్న ప్రశ్న దగ్గర ఆగి, "ఇక్కడ గవర్నర్‌ని కేంద్రం పంపదా అమ్మా?" అని అడిగారు. పంపదు మాస్టారూ, జనమే ఓటేసి ఎన్నుకుంటారు, టెక్సాస్‌లో అయితే షెరీఫ్‌నీ (కౌంటీ పోలీసు పెద్ద), జడ్జీలనూ కూడా జనమే ఎన్నుకుంటారు అన్నాను. ఆయన కలం మూత పెట్టి కాసేపు ఆలోచించి, "మరి బదిలీలు ఎవరు చేస్తారు?" అన్నారు. నవ్వొచ్చింది గానీ, ఆయన అడిగినంత మాత్రం కూడా, ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంటూ పాస్‌పోర్టు మార్చుకున్న మన ఇంజనీర్లు అడగరు.

ఇంకో ఘోరం ఉంది. అదే పేజీలో బాక్సు కట్టి 'ప్రవాసులంతా ఓటరుగా నమోదు చేసుకోండి' అని పిలుపిచ్చారు. ప్రవాసులంతా అంటే? ఇది ఎంత ప్రమాదమో మీ డెస్కు వాళ్లకు ఎవరైనా చెప్పండి. 1993 నాటి చట్టం వల్ల డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చే చోటే ఓటరుగా నమోదవుతారా అని కూడా అడుగుతారు. ఇంగ్లిష్ అంతగా రాని గ్రీన్ కార్డు పెద్దవాళ్లు, అడిగిన ప్రతిదానికీ యెస్ అనడం మర్యాద అనుకునేవాళ్లు, అక్కడ టిక్కు పెట్టేస్తే? సిటిజన్ కానివాళ్లు ఫెడరల్ ఎన్నికల్లో ఓటేయడం 1996 నుంచి నేరం. పౌరులమని తప్పుగా చెప్పుకున్నా చాలు, పౌరసత్వం మాట దేవుడెరుగు, దేశం నుంచే పంపించేసే ప్రమాదం ఉంది. కోర్టు కేసుల్లో తీర్పు చెప్పే జ్యూరీలో కూర్చోమని వచ్చే పిలుపులూ అంతే. టెక్సాస్‌లో ఓటర్ల జాబితాతో పాటు లైసెన్సుల జాబితా కూడా చూసి పంపుతారు కాబట్టి పౌరులు కానివాళ్లకూ వస్తాయి. చించి పారేయకూడదు, నేను పౌరుణ్ణి కాదు అన్న చోట గుర్తు పెట్టి తిప్పి పంపాలి. పౌరులైనవాళ్లేమో జ్యూరీ ఎలా ఎగ్గొట్టాలి అని గ్రూపుల్లో సలహాలు అడుగుతారు.

మీకు మాత్రం ఈ గొడవలేవీ పట్టవు. అరుణా మిల్లర్ గారు మేరీలాండ్ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్, అంటే గవర్నర్ తర్వాతి స్థానం, అయితే మన ఆడపడుచు అని పేజీలకు పేజీలు వేశారు. సంతోషమే, నేనూ గర్వపడ్డాను. కానీ ఆవిడ కౌంటీలో (మన జిల్లా లాంటిది) రోడ్ల ఇంజనీరుగా పనిచేశారనీ, తర్వాత ఎనిమిదేళ్లు రాష్ట్ర ప్రతినిధుల సభలో కూర్చున్నారనీ ఎంతమంది పాఠకులకు చెప్పారు? పూర్వీకుల ఊరి పేరు మాత్రం మొదటి వాక్యంలోనే వచ్చేస్తుంది. 2025 జనవరిలో పుట్టుకతో వచ్చే పౌరసత్వాన్ని కొందరు పిల్లలకు లేకుండా చేస్తూ అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చినప్పుడూ అంతే, తెల్లారేసరికి ఇక్కడి గర్భిణులందరికీ నిద్ర లేకుండా చేశారు. మూడు రోజులకే సియాటిల్‌లో జడ్జి దాన్ని ఆపారు, ఆ వార్త లోపలి పేజీలో అగ్గిపెట్టంత. ఇక్కడ పుట్టినవాళ్లకు పౌరసత్వం ఇచ్చే 1868 నాటి 14వ రాజ్యాంగ సవరణ అనేది ఒకటుందని, అధ్యక్షుడి సంతకం ఒక్కదానితో రాజ్యాంగం మారదని ఒక పేరా రాస్తే ఎంత బావుండేది.

తెలుగు సంఘాలను అనకుండా ఉండలేను. మూడు రోజుల మహాసభలకు హీరోలొస్తారు, హీరోయిన్లొస్తారు, రెండు రాష్ట్రాల నుంచీ మంత్రులొస్తారు, గుత్తొంకాయ దగ్గర తోపులాట. ఒక మూల గదిలో ఓటరు నమోదు బల్ల వేయండి, ఎన్-400 నింపడంలో సాయం చేయండి అంటే చోటు లేదంటారు. 2024 మే 13న ఆంధ్రలో పోలింగ్ అంటే విమానాలెక్కి వెళ్లారు మనవాళ్లు, మీరు ఫొటోలు వేశారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు వెళ్లారంటే మెచ్చుకోవాల్సిందే. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లకు మాత్రం 1955 నాటి భారత పౌరసత్వ చట్టం ప్రకారం అది తీసుకున్న రోజే అక్కడి పౌరసత్వం పోయింది, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డుకు ఓటు లేదు. ఊళ్లో జాబితాలో ఇంకా పేరుందని మురిసిపోతే కుదరదు, తీయించుకోవాలి. ఇదీ రాయరు మీరు.

మన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920ల్లో ఈ దేశం వచ్చారు. 1923లో, పౌరసత్వం కోరిన భగత్ సింగ్ థింద్ అనే భారతీయుడి కేసులో, ఇక్కడి సుప్రీం కోర్టు భారతీయులకు పౌరసత్వం కుదరదు పొమ్మంది. 1946లో చట్టం మారేదాకా అదే పరిస్థితి. అన్ని మందులు కనిపెట్టిన మనిషికి ఇరవై ఏళ్ల పైన ఆ దరఖాస్తు పెట్టుకునే హక్కే లేదు. ఇప్పుడు హక్కు ఉన్నవాళ్లు మా స్కూల్ బోర్డులో ఎవరున్నారో చెప్పలేరు. ఇంటి పన్నులో పెద్ద వాటా స్కూళ్లకే పోతుంది, ఆ పన్ను బిల్లు చూసి మాత్రం వైట్‌హౌస్‌ని తిడతారు. టెక్సాస్‌లో ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో ఓటు నమోదు కుదరదు, ఫారం నింపి ఎన్నికకు 30 రోజుల ముందే చేర్చాలి. అక్కడ ఊళ్లో వార్డు మెంబరు ఏ పార్టీయో ఫోన్ చేసి కనుక్కునే ఓపిక ఉంది కదా, దీనికి లేదా?

సవరణ వేయమని అడుగుతున్నాను. తేదీ, వయసు లెక్కలు, ఓటు పౌరులకే అన్న మాట, ఈ మూడూ ఆ వార్త వేసిన చోటే, అదే సైజు అక్షరాల్లో. మే నెల మొదటి శనివారం మా స్కూల్ బోర్డు ఎన్నిక, దాని మీద ఒక చిన్న కాలమ్ ఇస్తారేమో చూడండి. ఫొటోలు నేనే పంపిస్తాను, శాలువాలు మాత్రం కనపడవు.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు,
డాలస్ దగ్గర, టెక్సాస్
(పేరు వేయవద్దని మనవి. మా సంఘం వాళ్లు మీ పేపరే చదువుతారు.)