తావూ లెక్క తప్పిన చోటు

ఒరేయ్ రమణా,

హర్యానా నాయకుడు దేవీలాల్ అంటే "ప్రధాని పదవి వదులుకున్న పెద్దమనిషి" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నిజమేరా, కానీ సగమే. ఢిల్లీ గద్దెను ఇంకొకడికి అప్పజెప్పినవాడు, కొడుకు దగ్గరికి వచ్చేసరికి హర్యానా గద్దెను వదల్లేకపోయాడు. ఆ రెండో సగమే ఆయన్ని ముంచింది.

1914లో సిర్సా ప్రాంతంలో జాట్ రైతు కుటుంబంలో పుట్టాడు. వాళ్ల ఊరు చౌటాలా. మన ఇంటిపేర్లలాగే కొడుకు పేరు చివర ఊరి పేరే నిలిచింది. జనం ఆయన్ని తావూ అనేవాళ్లు, అంటే పెదనాన్న. స్వాతంత్ర్య పోరాటం, 1952లో పంజాబ్ అసెంబ్లీ, 1966లో ప్రత్యేక హర్యానా, ఎమర్జెన్సీలో జైలు, 1977లో ముఖ్యమంత్రి పదవి. రెండేళ్లకే భజన్‌లాల్ ఆయన్ని దించేసి తానే ఆ కుర్చీ ఎక్కాడు. 1980 జనవరిలో ఆ భజన్‌లాలే తన మంత్రివర్గంతో సహా కాంగ్రెస్‌లో దూకాడు.

నువ్వు తప్పక తెలుసుకోవాల్సింది 1982 మే నాటి హర్యానా అసెంబ్లీ ఎన్నికల సంగతి. 90 సీట్లకు 46 కావాలి. కాంగ్రెస్‌కు 36, దేవీలాల్ లోక్‌దళ్‌కు 31, తోడున్న బీజేపీకి 6. మిగతావాళ్లను కూడగట్టి బలం చూపడానికి గవర్నర్ తపాసే ఆయనకు 24వ తేదీ దాకా గడువిచ్చి, 23నే భజన్‌లాల్‌తో ప్రమాణం చేయించాడు. దేవీలాల్ రాజ్‌భవన్‌కు వెళ్లి గవర్నర్ గడ్డం పట్టుకుని నిలదీశాడు. ఆ కోపం నాకు అర్థమవుతుంది కానీ దాంతో ఒరిగిందేమీ లేదు. కుర్చీ ఎక్కినవాడికి బలం సమకూర్చుకునే వ్యవధి దొరికింది, అంతే. 1984 ఆగస్టులో మన ఎన్టీఆర్‌ను గవర్నర్ రామ్‌లాల్ దించినప్పుడు జరిగింది దీనితో పోల్చి చూడు. ఎమ్మెల్యేలు చేజారకుండా కాపాడుకుని, ఢిల్లీలో రాష్ట్రపతి ముందు నిలబెట్టి, నెల తిరిగేసరికి కుర్చీ తెచ్చుకున్నాం.

1985లో ప్రధాని రాజీవ్ గాంధీ, పంజాబ్ అకాలీ నేత లోంగోవాల్ చేసుకున్న ఒప్పందం చండీగఢ్‌ను పంజాబ్‌కు ఇస్తామంది. నదీజలాల మీదా హర్యానా రైతుకు భయం పట్టుకుంది. దేవీలాల్ అసెంబ్లీకి రాజీనామా చేసి, న్యాయయుద్ధం పేరుతో ఊరూరా తిరిగాడు. 1987లో లోక్‌దళ్‌కు 60, బీజేపీకి 16 వచ్చాయి. కాంగ్రెస్‌కు మిగిలినవి ఐదే. గద్దెనెక్కి 65 ఏళ్లు దాటినవాళ్లకు నెలకు 100 రూపాయల పింఛను పెట్టాడు. ముసలివాళ్లు కొడుకు ముందు చేయి చాచక్కర్లేకుండా చేసిన ఆ పనికి నేను ఎప్పుడూ దణ్ణం పెడతాను.

రుణమాఫీ మాత్రం వేరే సంగతి. 1990లో, ఆయన ఉప ప్రధానిగా ఉండగా, కేంద్రం తెచ్చిన పథకంలో రైతుకు 10,000 రూపాయల దాకా మాఫీ. కానీ 1989 అక్టోబరు 2 నాటికి గడువు దాటిన బాకీలకే అది వర్తించింది. నగలు కుదవపెట్టి మరీ వాయిదా కట్టినవాడికి దమ్మిడీ రాలేదు. కడితే నష్టం, ఆగితే లాభం అని ఊరికి తెలిశాక సహకార సంఘాల్లో వసూళ్లు మందగించాయి. మనసు మంచిదే, గీత గీసిన చోటే తప్పు.

ఇక 1989 డిసెంబరు 1, పార్లమెంటు సెంట్రల్ హాలు. ప్రధాని కాబోయే నాయకుణ్ణి ఎన్నుకోవడానికి జనతాదళ్ ఎంపీలు కూడారు. వి.పి. సింగ్ ఆయన పేరు ప్రతిపాదించాడు. అందరూ అయిపోయిందనుకున్నారు. దేవీలాల్ లేచి, నేను తావూగానే ఉంటానని చెప్పి వి.పి. సింగ్ పేరు ముందుకు తెచ్చాడు. అజిత్ సింగ్ బలపరిచాడు. ఈ ఏర్పాటు ముందే తెలియని జనతాదళ్ నేత చంద్రశేఖర్ మండిపడి వెళ్లిపోయాడు. మర్నాడు ప్రమాణంలో "మంత్రి" అని రాష్ట్రపతి చదివిస్తుంటే ఈయన "ఉప ప్రధానమంత్రి" అనే పలికాడు. కేసు సుప్రీంకోర్టుకెక్కింది. ఉప ప్రధాని అన్నది వట్టి వర్ణనే, రాజ్యాంగం దృష్టిలో ఆయనా మంత్రేనని కోర్టు తేల్చింది.

తాను ఖాళీ చేసిన ముఖ్యమంత్రి కుర్చీలో కొడుకు ఓంప్రకాశ్‌ను కూర్చోబెట్టాడు. ఆరు నెలల్లో ఎమ్మెల్యే కావాలి కదా, తండ్రి సీటు మహమ్‌లోనే నిలబెట్టారు. అక్కడ 24 ఊళ్ల పంచాయతీ ఉంది. తావూను వరసగా గెలిపించిన ఆ ఊళ్లే కొడుకు వద్దని, నిన్నటిదాకా తావూ మనిషైన ఆనంద్ సింగ్ డాంగీ వెనక నిలిచాయి. 1990 ఫిబ్రవరిలో బూత్‌లు ఆక్రమించారు. రీపోలింగ్‌లో తుపాకులు పేలి ప్రాణాలు పోయాయి. ఎన్నిక రద్దయింది. మేలో కొడుకు దిగిపోయాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేదిరా! జూలైలో మళ్లీ ఎక్కించాడు. ప్రధాని వి.పి. సింగ్ అయితే నేను తప్పుకుంటానన్నాడు, ఐదు రోజులకే కొడుకు దిగక తప్పలేదు. ఆగస్టు 1న తావూ పదవే పోయింది. 7న వెనకబడిన కులాలకు ఉద్యోగాల్లో రిజర్వేషన్లిచ్చే మండల్ ప్రకటన వచ్చింది. 9న ఢిల్లీ బోట్ క్లబ్‌లో రైతుల్ని కూడగట్టి సభ పెట్టాడు కానీ, అప్పటికి దేశం వేరే మాట మాట్లాడుకుంటోంది.

చంద్రశేఖర్ ప్రభుత్వంలో మళ్లీ ఉప ప్రధాని అయ్యాడు గానీ, 1991, 1996, 1998 మూడుసార్లూ రోహ్‌తక్‌లో భూపీందర్ సింగ్ హుడా చేతిలో ఓడాడు. 2001 ఏప్రిల్ 6న పోయాడు. మనవళ్ల కాలంలో పార్టీ కూడా నిలువునా చీలింది. 2018లో మునిమనవడు దుష్యంత్ జేజేపీ అనే వేరే పార్టీ పెట్టాడు. 2019లో 10 సీట్లు గెలిచి ఉప ముఖ్యమంత్రి అయ్యాడు. 2024లో ఒక్కటీ రాలేదు. పాత పార్టీకి రెండు.

అమ్మను అడిగానని చెప్పు.

నీ
శీను