కాన్ నుంచి అమ్మకి, నాన్నకి

కాన్ (ఫ్రాన్స్), శనివారం రాత్రి

అమ్మకి, నాన్నకి నమస్కారాలు.

నేను ఇక్కడ క్షేమం. నిన్న ఫోన్లో నువ్వు టెన్షన్ పడుతుంటే ఏదీ సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే కూర్చుని రాస్తున్నాను. నాన్నకి కూడా చదివి వినిపించు.

ఆఫీసు పని గురువారం మధ్యాహ్నంతో అయిపోయింది, బాగానే జరిగింది. మిగతావాళ్ళు టులూజ్ వెళ్ళిపోయారు. నేను శుక్రవారం ఒక్క రోజు సెలవు పెట్టి ఉండిపోయాను. "ఆ డబ్బుతో ఇంటికి రావచ్చుగా" అన్నావు. అమ్మా, రాత్రికి అరవై ఆరు యూరోలు, మూడు రాత్రులు. విమానం టికెట్‌కి అది ఏ మూలకొస్తుంది? సంక్రాంతికి తప్పకుండా వస్తాను, సెలవు అడిగేశాను కూడా.

చవక హోటల్ అంటే నువ్వేదో ఊహించుకుని భయపడుతున్నావు. క్రువాజెట్ అని సముద్రం ఒడ్డున పెద్ద రోడ్డు ఉంది. సినిమావాళ్ళు దిగే పెద్ద హోటళ్ళు చాలావరకు అక్కడే. ఇసుకలో కుర్చీ వేసుకుని కూర్చోవాలన్నా అక్కడ చాలాచోట్ల డబ్బు కట్టాలి. నేనున్నది ఊరికి పడమట, లా బోకాలో. ఇక్కడ బీచ్ అందరిదీ, మన మెరీనాలాగే. ముసలివాళ్ళు ఇంటి నుంచి కుర్చీలు తెచ్చుకుని కూర్చుంటారు.

రూమ్ చిన్నది, మంచం పక్కన సూట్‌కేసు తెరిస్తే నడవడానికి చోటుండదు. కానీ దుప్పటి తెల్లగా, ఎండలో ఆరేసిన వాసనతో ఉంది. హోటల్ నడిపే ఆవిడకి అరవై దాటి ఉంటాయి. రాత్రి పదిన్నరకి వీధి తలుపు తనే తాళం వేస్తుంది. నిన్న నేను సూపర్ మార్కెట్లో అన్నం ప్యాకెట్ కొనుక్కొస్తే తన వంటింట్లో వేడి చేసి ఇచ్చింది. నీ కందిపొడి కలుపుకుంటుంటే వాసనకి వచ్చి నిలబడింది. ఒక ముద్ద పెట్టాను. కళ్ళలో నీళ్ళు తిరిగినా ఇంకో ముద్ద అడిగింది. ఇలాంటిచోట నాకేం భయం చెప్పు?

ఇంకో సంగతి. సముద్రానికీ ఈ వీధికీ మధ్య రైలు పట్టాలున్నాయి. రైలు పోతే కిటికీ అద్దం సన్నగా అదురుతుంది. పడుకుంటే మాంబళంలో మనింట్లో ఉన్నట్టే ఉంది, తాంబరం లోకల్ పోయినట్టు. చాలా రోజుల తర్వాత ఒళ్ళు తెలీకుండా నిద్రపోయాను.

నాన్నా, మీరు చెప్పిన ఇనుప ముసుగు ఖైదీని ఉంచిన కోట ఇక్కడే, సెయింట్ మార్గరెట్ దీవిలో. పడవలో పదిహేను నిమిషాలు. 1687 నుంచి 1698 దాకా అక్కడే ఉంచారట. ఆ గది చూశాను. గోడ ఎంత మందమంటే కిటికీ సొరంగంలా ఉంటుంది, దానికి కమ్మీలు, అవతల నీలంగా సముద్రం. మీరుంటే ఎన్ని ప్రశ్నలు అడిగేవారో. ఇంకొకటి, ఇది ఒకప్పుడు జాలర్ల పల్లె. 1834లో ఇటలీ వెళ్తున్న బ్రూమ్ అనే ఇంగ్లీషు ప్రభువుని కలరా భయంతో సరిహద్దు దాటనివ్వలేదు. ఆయన ఇక్కడ ఆగి, నచ్చి, ఇల్లు కట్టుకున్నాడు. ఆయన వెనకే మిగతా ధనవంతులూ వచ్చారు.

నేను ఎందుకు ఉండిపోయానో ఫోన్లో చెప్పలేకపోయాను. మహాబలిపురం వెళ్ళాం గుర్తుందా, నేను రెండో క్లాసు. ఒక్క రాత్రి సముద్రం పక్కన పడుకుందామని నాన్న ఒక రిసార్ట్‌లోకి వెళ్ళి రేటు అడిగారు. మంచినీళ్ళు ఇప్పించమని మనిద్దరికీ తాగించి బయటికి తీసుకొచ్చేశారు. తడి గౌనుతో బస్సులో నాన్న ఒళ్ళో కూర్చున్నాను. పొరపాటున తిండివనం బస్సు ఎక్కేశామేమోనని కండక్టర్ని రెండుసార్లు అడిగారు. రూమ్ మాట మాత్రం దారంతా ఎత్తలేదు. గురువారం ఇక్కడ రేటు అడుగుతుంటే నాకు నాన్న గొంతే వినిపించింది. ఈసారి సరే అనగలిగాను.

ఏప్రిల్లో మీ ఇద్దరినీ తీసుకొస్తాను. మే అయితే ఫిలిం ఫెస్టివల్, రూములు మనకి అందవు. ఐశ్వర్యా రాయ్ నడిచిన ఎర్ర తివాచీ మెట్లు ఇరవై నాలుగు. ఈ హోటల్ మెట్లు పంతొమ్మిది, లిఫ్ట్ లేదు. నాన్న మోకాళ్ళ కోసం లెక్కపెట్టాను. కింద గది ఒకటుంది, అది ఇస్తానంది ఆవిడ. నాన్న ఆయింట్‌మెంట్ రాస్తున్నారా? నిజం చెప్పు.

నీ దసరా బొమ్మల కొలువుకి ఒక బొమ్మ కొన్నాను. ఇక్కడివాళ్ళు క్రిస్మస్‌కి మట్టి బొమ్మలు పేరుస్తారు, సాంతోన్ అంటారు. రొట్టెలవాడు, చేపలమ్మి, అందరూ ఉంటారు. నేను తెచ్చింది వీపు మీద కట్టెల మోపుతో ఉన్న ముసలమ్మ, నా వేలంత. ఈ ఏటికి అందదు. వచ్చే ఏడు చెట్టియార్ బొమ్మ పక్కన చోటు ఉంచు. విజయదశమి రాత్రి బొమ్మని పడుకోబెట్టేముందు వీడియో కాల్ చెయ్. మీకు తొమ్మిదంటే ఇక్కడ ఐదున్నర, ఆఫీసులో ఉన్నా ఎత్తుతాను.

మీ అమ్ములు