దుబాయ్‌కి మారుతున్నాం: పాఠాల ధర, పన్నుల సంగతి

ఆగస్టు 20న మా కుటుంబం విజయవాడ నుంచి దుబాయ్‌కి మారుతోంది. మగ్గం వర్క్ రికార్డు పాఠాలు, బ్లౌజు డిజైన్ల ఖాకాలు (గుడ్డ మీదికి దించుకునే నమూనాలు) ఎప్పటిలాగే మన యాప్‌లోనే ఉంటాయి. అయితే ధరలేవీ మారవని జూన్‌లో మీకు పంపిన సందేశం తప్పు. పన్నుల సంగతి ఆడిటర్‌ని అడగకుండానే ఆ మాట రాసేశాను. 2,500 రూపాయల కోర్సు ఆగస్టు 20 నుంచి 2,950 రూపాయలవుతుంది.

"దుబాయ్‌లో పన్నే ఉండదంటారు కదక్కా, మీరు వెళ్తే మాకు పన్నేమిటి?" అని తెనాలి నుంచి ఒక చెల్లెలు అడిగింది. న్యాయమైన ప్రశ్నే. అక్కడ జీతం మీద ఆదాయపు పన్ను లేని మాట నిజం. 2023 జూన్ తర్వాత మొదలైన ఆర్థిక సంవత్సరాల నుంచి వ్యాపార లాభాల మీద 9 శాతం పన్ను వచ్చింది గాని, వ్యక్తిగా వ్యాపారం చేసుకునేవారికి ఏడాది టర్నోవర్ 10 లక్షల దిర్హమ్‌లు దాటితేనే అది వర్తిస్తుంది. నా వ్యాపారం ఆ దరిదాపుల్లో లేదు.

మీ మీద పడేది దుబాయ్ పన్ను కాదు, మన జీఎస్టీయే. సేవలు అమ్మేవారికి ఏడాదికి 20 లక్షల రూపాయల వరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కాబట్టి ఇన్నాళ్లూ మీ దగ్గర పన్ను తీసుకోలేదు. కానీ విదేశంలో ఉండి ఇక్కడివారికి ఇంటర్నెట్ ద్వారా రికార్డు పాఠాల వంటివి అమ్మేవారికి ఆ మినహాయింపు లేదు. మొదటి రూపాయి నుంచే 18 శాతం వసూలు చేసి, నెలనెలా రిటర్ను వేసి కట్టాలి. ఇలాంటివారి రిజిస్ట్రేషన్లన్నీ చూసేది బెంగళూరు వెస్ట్ కార్యాలయమట, విజయవాడకు సంబంధం లేదు. వ్యాపార అవసరానికి కొన్నవారిని ఒకప్పుడు ఈ నిబంధన నుంచి మినహాయించేవారు. 2023 అక్టోబరు 1 నుంచి జీఎస్టీ నంబరు లేని ప్రతివారూ దీని కిందికే వస్తారు కనుక, కుట్టుపని కోసమే నేర్చుకుంటున్నామన్నా లాభం లేదు. జీఎస్టీ నంబరున్న బొటీక్ యజమానులు మాత్రం కొనేటప్పుడు ఆ నంబరు ఇస్తే నేను పన్ను వేయను; రివర్స్ చార్జ్ కింద వారే కట్టుకుని, అర్హత ఉంటే ఇన్‌పుట్ క్రెడిట్ (తాము కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపు) తీసుకోవచ్చు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ పన్ను లేదు, 40 డాలర్ల ధర అలాగే ఉంటుంది.

వ్యాపారాన్ని మా చెల్లి పేరు మీదికి మార్చేస్తే ఈ గొడవంతా ఉండదని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. సూది పట్టేది నేను, బిల్లు మీద పేరు ఆమెది! రేపు నోటీసు వస్తే సమాధానం చెప్పాల్సింది ఆమె. అందుకు నాకు మనసు ఒప్పలేదు.

నా ఆదాయపు పన్ను లెక్క కూడా నేననుకున్నట్టు లేదు. ఏప్రిల్ నుంచి లెక్కిస్తే నేను ఇక్కడ ఉండేది 142 రోజులే కాబట్టి, ఏడాదిలో 182 రోజుల కంటే తక్కువ ఇక్కడ ఉంటే ఎన్నారై అనే నిబంధన ప్రకారం ఎన్నారైనే అనుకున్నాను. ఆ వెసులుబాటు ఉద్యోగం కోసం వెళ్లేవారికట. మావారి వీసా మీద వెళ్తున్న నాకు 60 రోజుల గడువే వర్తిస్తుందని, గత నాలుగేళ్లూ ఇక్కడే ఉన్నందువల్ల ఈ ఏడాదికి నివాసిగానే దుబాయ్ సంపాదనతో సహా రిటర్నులో చూపాలని ఆడిటర్ తేల్చారు. ఆ భారం నాదే, మీ ధరలో కలపలేదు.

450 రూపాయలు చిన్న మొత్తం కాదని నాకు తెలుసు. సగం నేనే భరిద్దామని చూశాను గాని, యాప్ ఖర్చులు పోగా మిగిలేదాంట్లో అది సాధ్యం కాలేదు. ఆగస్టు 19 రాత్రి వరకు కొన్నవారికి పాత ధరే, ఇప్పటికే కొన్నవారు ఒక్క రూపాయి కూడా అదనంగా కట్టనక్కర్లేదు. విదేశానికి మారినవారు మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్నార్వో (ఎన్నారైల రూపాయి ఖాతా)గా మార్చుకోవాలి కనుక, 20 నుంచి పాత క్యూఆర్ కోడ్‌కు డబ్బు పంపకండి. యాప్‌లో కనిపించే కొత్త కోడ్‌నే వాడండి.

జర్దోసీలో చివరి మూడు పాఠాలు ఇంకా రికార్డు చేయాలి. మగ్గం చట్రం విప్పి కట్టేశాం, కాబట్టి అవి దుబాయ్ ఇంట్లో కుదురుకున్నాక, అక్టోబరులో వస్తాయి.