మన కాలనీ మహిళా సంఘం వార్షిక నివేదిక, 2025–26

సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులందరికీ నమస్కారం.

ఏడాదికి ఒకసారి కార్యదర్శి నివేదిక చదవాలన్నది మన నిబంధన. ఈసారి ఆ నిబంధన లేకపోయినా నేను చదివేదాన్నే. గత మే నెలలో, నెల్లూరు ఎండకు గడప దాటడమే కష్టమైన రోజుల్లో, మనలో కొందరు చేసిన పనిని కాగితం మీద పెట్టకపోతే అది ‘పిల్లలకు ఐసులు పంచారట’ అన్న ఒక్క మాటగా మిగిలిపోతుంది. అలా మిగలడం నాకు ఇష్టం లేదు.

ముందు మామూలు కార్యక్రమాలు. కార్యవర్గం తొమ్మిదిసార్లు సమావేశమైంది. జూన్‌లో నోటు పుస్తకాల పంపిణీ, శ్రావణంలో సామూహిక వరలక్ష్మీ వ్రతం, డిసెంబరులో కంటి పరీక్షలు, సంక్రాంతికి ముగ్గుల పోటీ యథావిధిగా జరిగాయి. జూలైలో రొట్టెల పండుగకు వచ్చినవారికి స్వర్ణాల చెరువు దగ్గర రెండు రోజులు నిమ్మరసం అందించాం. పొదలకూరు నుంచి నిమ్మకాయల బస్తా తెప్పించి ఇచ్చిన ఒకటో వీధి దంపతులకు, ఆ కాయలన్నీ పిండిన ఐదుగురు ఆడపడుచులకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

ఇక వేసవి శిబిరం. ఏప్రిల్‌లో బడులు మూసినప్పటి నుంచి పిల్లలు మధ్యాహ్నం పూట బండి మీద వచ్చే రంగు ఐసులకు అలవాటు పడ్డారు. నాలుక ఎర్రగా, పచ్చగా మారితే వాళ్లకు అదొక సంబరం. ఒకే వారంలో మన వీధుల్లో ఇద్దరు పిల్లలు వాంతులతో మంచం పట్టారు. ఐసు వల్లే అని నేను అనను. కానీ ఆ ఐసుకు వాడిన నీళ్లు తాగే నీళ్లో కాదో చెప్పేవారు లేరు. పొట్టకూటికి బండి తోసుకునే మనిషిని నిలదీసి లాభం లేదు. వద్దని పిల్లలను కొట్టినా లాభం లేదు. అంతకంటే మంచిది ఇంట్లోనే దొరికితే వాళ్లే మానేస్తారని ఏప్రిల్ సమావేశంలో మన ఉపాధ్యక్షురాలు గారు అన్నారు. ఆ మాటతోనే, ఐసులు ఇంట్లో చేసుకోవడం నేర్పే శిబిరం మొదలైంది. మే 11, 18, 25 తేదీల్లో మూడు ఆదివారాలు నడిచింది.

హాలు కోసం మూడు అర్జీలు పెట్టాం. తాళాలు ఇవ్వవలసిన కార్యాలయంలో ప్రతిసారీ ‘సోమవారం రండి’ అన్నారు. మూడో అర్జీ రసీదు ఇప్పటికీ నా దగ్గర ఉంది. మనందరం పన్నులు కట్టే హాలు వేసవి అంతా తాళంతోనే ఉంది. చివరికి మా ఎదురింటివారు తమ వరండా, దాని ముందు వేసిన తాటాకు పందిరి ఇచ్చారు. ఆ ఇంటిదీ, ఇరుపక్కల ఇళ్లవీ కలిపి మూడు ఫ్రిజ్‌ల పై అరలు, అంటే గడ్డకట్టించే అరలు, ఖాళీ చేసి మనకు అప్పగించారు. వేసవిలో ఒక ఇల్లాలు ఫ్రిజ్ పై అర ఖాళీ చేసి ఇవ్వడమంటే ఎంత పెద్ద మనసో ఇక్కడున్న వారికి వేరే చెప్పనక్కరలేదు.

మొదటి ఆదివారం అరటిపండు. తొక్క మీద నల్ల మచ్చలు వచ్చి, ఎవరూ తినని స్థితికి చేరిన చక్కెరకేళి పండ్లే దీనికి కావాలి. చక్రాలుగా కోసి, ఒకదానికొకటి తగలకుండా పళ్లెంలో పరిచి ముందురోజు రాత్రే ఫ్రిజ్ పై అరలో పెట్టించాం. పొద్దున వాటిని మిక్సీలో వేసి రెండు చెంచాల చల్లని పాలు పోసి, ఆపుతూ ఆపుతూ తిప్పాలి. ఆపకుండా తిప్పితే మిక్సీ గిన్నె వేడికి కరిగిపోతుంది. మొదట రవ్వలా అవుతుంది, ఇక బాగుపడదేమో అనిపిస్తుంది. మరో నిమిషంలో వెన్నలా నున్నగా మారుతుంది. అరటిలో ఉండే పెక్టిన్ అనే జిగురు పదార్థం వల్ల ఆ చిక్కదనం వస్తుంది. చక్కెర లేదు, మీగడ లేదు, గుడ్డు లేదు. పిల్లల కంటే తల్లులే ఎక్కువ ఆశ్చర్యపోయారు.

ఆరోజే ఒక చిన్న పాఠం కూడా చెప్పించాం. మన సభ్యుల్లో ఒకరు మందుల దుకాణంలో పనిచేస్తారు, పొట్లాల మీద చిన్న అక్షరాలు చదవడం ఆమెకు అలవాటు. మన దేశ నిబంధనల ప్రకారం ఐస్‌క్రీమ్ అని అమ్మే సాదా రకంలో పాల కొవ్వు కనీసం 10 శాతం ఉండాలట. పాల కొవ్వుకు బదులు వంటనూనెల కొవ్వు వాడితే దాని మీద ‘ఫ్రోజెన్ డెజర్ట్’ అని రాయాలట. మనం రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తూ ఒకే ధర ఇచ్చి కొంటున్నాం. ఆమె రెండు ఖాళీ డబ్బాలు చూపించి అక్కడికక్కడే చదివించారు.

రెండో ఆదివారం మామిడి. ఉలవపాడు బంగినపల్లి రెండు పెట్టెలు వచ్చాయి. సగం కాయలను ముక్కలు కోసి గడ్డకట్టించి, గట్టి పెరుగుతో కలిపి మిక్సీలో వేశాం. మిగతా గుజ్జుతో పుల్ల ఐసులు చేశాం. అచ్చులు కొనవద్దని, ఇంట్లో ఉన్న స్టీలు గ్లాసులే తెమ్మని ముందే చెప్పాం. గుజ్జును గ్లాసు అంచుకు వేలెడు కిందివరకే పోయాలి, గడ్డకట్టేటప్పుడు పొంగుతుంది. పైన వెండిరంగు రేకు కాగితం చుట్టి దాని మధ్యలో పుల్ల గుచ్చితే నిటారుగా నిలబడుతుంది. తీసేముందు గ్లాసును నాలుగు క్షణాలు నీళ్లలో ముంచితే ఊడి వస్తుంది. రసాల మామిడితో చేసుకోవాలనుకునేవారు మాత్రం గుజ్జును వడకట్టాలి, లేకపోతే పీచు పళ్లలో పడుతుంది.

తీపి ఎంత వేయాలన్న దానిమీద చాలా చర్చ జరిగింది. చల్లదనంలో నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది కాబట్టి, కలిపేటప్పుడు రుచికి ఒక పిసరు ఎక్కువే ఉండాలి. అలాగని గుమ్మరిస్తే అసలు గడ్డే కట్టదు. నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడితే, చక్కెర కలిసిన నీళ్లు అంతకంటే కిందికి దిగాలి. నాలుగో వీధివారు రెండు కప్పుల రసానికి కప్పున్నర చక్కెర వేసి మర్నాటి దాకా ఎదురుచూశారు, జావలాగే ఉండిపోయింది. చక్కెర అసలే వేయని పుచ్చకాయ రసం రాయిలా బిగిసింది. అందుకే పుచ్చకాయను వెడల్పాటి పళ్లెంలో పోసి, ముప్పావు గంటకోసారి ఫోర్కుతో గీరమని నేర్పాం. మంచు రవ్వలా విడివిడిగా వస్తుంది. దాని మీద నిమ్మరసం, చిటికెడు ఉప్పు. నన్ను అడిగితే శిబిరం మొత్తంలో అదే గొప్ప రుచి.

ఒక పొరపాటు కూడా రాయాలి. ఆ తప్పు నాదే. అనాసపండు ముక్కలను పాలలో కలిపి గడ్డకట్టించమని చెప్పింది నేనే. మరునాడు నోట్లో పెట్టుకుంటే చేదు. పచ్చి అనాసలో ఉండే ఎంజైము పాలలోని మాంసకృత్తులను విరగ్గొట్టడం వల్ల చేదు పుడుతుంది, ఫ్రిజ్ చలికి ఆ ఎంజైము చావదు. ముక్కలను ముందు ఉడికించి చల్లార్చి వాడితే ఇబ్బంది ఉండదు. రెండు లీటర్ల పాలు పారబోశాం. ఆ ఖర్చు నేను ఇచ్చాను, లెక్కల్లో కలపలేదు.

మూడో ఆదివారం, మే 25. రోహిణి కార్తె మొదటి రోజు. ఉలవపాడు సపోటాలతో కుల్ఫీ చేయాలని పాలు పొద్దుటి నుంచే మరిగించి సగానికి ఇంకించాం. సపోటా గుజ్జు గింజలు తీసి కలిపాం. పదకొండున్నరకు కరెంటు పోయింది. ఒంటిగంటకూ రాలేదు. ఫోన్లు చేస్తే ఎత్తేవారు లేరు. యాభై మంది పిల్లలు పందిరి కింద కూర్చుని ఉన్నారు.

అప్పుడు మూడో వీధి పిన్నిగారు, డెబ్బై ఏళ్ల మనిషి, లేచి ‘ఉప్పు తెండి’ అన్నారు. వారిది ఇస్కపల్లి వైపు, ఉప్పు కొఠార్ల మధ్య పెరిగినవారు. ఇంట్లో రాళ్లుప్పు గోనెసంచి ఎప్పుడూ ఉంటుంది. పెద్ద ప్లాస్టిక్ టబ్బులో మూడు వంతుల ఐసు ముక్కలకు ఒక వంతు ఉప్పు చల్లించి, పాలు పోసి మూత బిగించిన స్టీలు క్యాను మధ్యలో దింపించారు. ఉప్పు తగిలిన ఐసు తొందరగా కరుగుతుంది, కరగడానికి కావలసిన వేడిని క్యానులోని పాల నుంచి లాక్కుంటుంది. టబ్బులోని ఉప్పునీరు సున్నాకు ఎంతో కిందికి, మన ఫ్రిజ్ పై అర చలికి దగ్గరగా పోతుంది. అందుకే చేతికి గుడ్డ చుట్టుకోనిదే ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పిల్లలు వంతులవారీగా క్యానును గిరగిరా తిప్పారు. పది నిమిషాలకోసారి మూత తీసి అంచులకు పట్టినదాన్ని గరిటెతో గీకి మధ్యలోకి కలిపారు. అలా కలపకపోతే మంచు పలుకులు పెద్దవై నోటికి గరగరలాడుతుంది. ముప్పావు గంటకు గరిటె నిలబడింది. కరెంటు లేకుండా, రోహిణి ఎండలో, యాభై మందికి సపోటా కుల్ఫీ పెట్టాం. ఆ క్షణంలో పిన్నిగారి ముఖం చూసినవారు అదృష్టవంతులు. ఈ సమావేశంలో వారికి శాలువా కప్పాలని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది.

బయట కొన్న ఐసు టబ్బులోకే వాడాం, తినేదాంట్లో ఒక్క ముక్క పడలేదు. కాచి చల్లార్చిన నీళ్లే తినేవాటికి. ఒకసారి కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించి పిల్లలకు పెట్టవద్దని ఇక్కడ మరోసారి మనవి చేస్తున్నాను. తాటి ముంజలు తెచ్చినవారికి కూడా ఒక మాట: ముంజలను గడ్డకట్టిస్తే వాటి మెత్తదనం పోతుంది. నన్నారి షర్బత్‌తో చేసిన మంచు రవ్వ మీద పచ్చిగా వేసుకోవడమే మేలు.

బాధ కలిగించే విషయం కూడా చెప్పక తప్పదు. శిబిరానికి సాయపడతామని ఇరవై రెండు మంది పేర్లు రాశారు. మూడు ఆదివారాలూ వచ్చినవారు ఏడుగురు. పేర్లు చదవను. ఎవరి ఇంట్లో ఏ ఇబ్బంది ఉందో నాకు తెలియదు. కానీ రాలేమని ముందురోజు ఒక్క ఫోను చేసి ఉంటే, అరవై ఏళ్లు దాటిన మన అధ్యక్షురాలు గారు రెండో ఆదివారం ఒక్కరే కూర్చుని రెండు పెట్టెల మామిడికాయలు కోసే అవసరం వచ్చేది కాదు. ఆ సాయంత్రం ఆమె వేళ్లు నేను చూశాను.

లెక్కలు. గత సంవత్సరం నిల్వ 4,310 రూపాయలు. 52 మంది సభ్యుల చందా 31,200, విరాళాలు 7,000. ఖర్చు 36,450. చేతిలో ఉన్నది 6,060 రూపాయలు. రసీదులు కోశాధికారిణి గారి వద్ద ఉన్నాయి, చూడదలచినవారు చూడవచ్చు.

వరండా ఇచ్చిన కుటుంబానికి, మిక్సీలు తెచ్చిన నలుగురికి, మిగిలిపోయిన మచ్చల అరటిపండ్లను రెండు వారాలు ఉచితంగా ఇచ్చిన తోపుడుబండి తమ్ముడికి, పందిరి ఊడ్చిన పెద్ద పిల్లలకు, పాలు కాచేటప్పుడు పొయ్యి దగ్గర నుంచి కదలని మా తోటికోడలికి ధన్యవాదాలు.

ఈ ఏడాది శిబిరం మే 10 ఆదివారం మొదలవుతుంది. పేర్ల పుస్తకం బల్ల మీద ఉంది. తప్పక రాగలవారే రాయండి. వరండా ఈసారి దొరకదు, ఇంటివారు రంగులు వేయిస్తున్నారు. హాలు కోసం నాలుగో అర్జీ సిద్ధంగా ఉంది, దాని మీద కనీసం ముప్పై సంతకాలు కావాలి. పోయిన ఏడాది పుల్ల ఐసులకు తెచ్చిన స్టీలు గ్లాసులు ఏడు ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి. పేర్లు చెక్కి ఉన్నవి నాలుగు, లేనివి మూడు. సమావేశం అయ్యాక గుర్తుపట్టి తీసుకువెళ్లగలరు.

కార్యదర్శి
నెల్లూరు, 12 ఏప్రిల్ 2026