ఆ అతుకు వేసింది నేనే

సంపాదకులకు నమస్కారం.

పాత సైనిక రైఫిళ్లకు వేలంపాటల్లో ధర ఏటికేడు పెరుగుతోందని, దాచుకున్న డబ్బుకు ఇదొక మంచి పెట్టుబడి అని మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ధరలు రాశారు, ఫొటోలు వేశారు. ఆ తుపాకుల మీద ఇన్నేళ్లలో ఎవరెవరి చేతులు పడ్డాయో ఒక్క వాక్యం కూడా లేదు. ఆ చేతుల్లో నావీ ఉన్నాయి కాబట్టి ఈ ఉత్తరం.

నేను వడ్రంగిని. ముప్పై ఏళ్లకు పైగా పాత తుపాకుల కర్ర భాగాలు బాగుచేస్తున్నాను. పదకొండేళ్ల కిందట ఒకాయన ఒక లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తెచ్చారు. బ్రిటిష్ సైన్యం 1907లో స్వీకరించిన పొట్టి నమూనా అది. యుద్ధాలు ముగిశాక ఇలాంటివి మిగులు సరుకుగా చవకగా అమ్ముడయ్యాయి. వేటకు తేలికగా ఉండాలని కొన్నవాళ్లు గొట్టం కింద ఉండే ముందు కర్రను సగానికి కోసి, మూతి దగ్గరి ఇనుప తొడుగు తీసి పారేసేవారు. వాళ్లను తప్పుపట్టను. అప్పటికి అది పాత వస్తువే తప్ప పురావస్తువు కాదు. ఈ రైఫిల్‌కూ అదే గతి పట్టింది. అదృష్టవశాత్తు గొట్టం జోలికి ఎవరూ పోలేదు, 640 మిల్లీమీటర్లూ అలాగే ఉంది.

విరిగిపోయిన మరో రైఫిల్ నుంచి ముందు ముక్క సంపాదించి అతికాను. అతుకు ఎక్కడ పెట్టాలన్నది ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన విషయమే: మధ్య ఇనుప పట్టీ కింద. పట్టీ బిగిస్తే ఇక కనబడదు. రెండు కర్రల చారలు కలిసే ముక్క వెతకడానికే మూడు వారాలు పట్టింది. రంగు తేడా పోయేదాకా అవిసె నూనె పూస్తూ, ఆరబెడుతూ మరో నెల. బిల్లు మీద ‘ముందు కర్ర అతికినది’ అని స్పష్టంగా రాసి ఇచ్చాను.

గత ఏడాది ఒక వేలానికి ముందు జరిగే ప్రదర్శనలో అదే రైఫిల్ ఎదురైంది. నంబరు చూడక ముందే గుర్తుపట్టాను. పట్టీకి రెండు వేళ్ల వెనక కర్రలో చిన్న ముడి ఉంటుంది, దాన్ని తప్పించడానికి అప్పట్లో నానా తంటాలు పడ్డాను. జాబితాలో మాత్రం ‘అసలు స్థితిలో ఉంది, మార్పులేవీ లేవు’ అని అచ్చువేశారు. నా బిల్లు ఏ చేతిలో ఆగిపోయిందో! బల్ల దగ్గరున్న ఉద్యోగికి విషయం చెప్పాను. ఆయన మర్యాదగానే చివరి పేజీ తిప్పి సన్న అక్షరాలు చూపించారు. సరుకు ఉన్నది ఉన్నట్టు అమ్ముతారట, పరీక్షించుకునే బాధ్యత కొనేవారిదేనట. మర విప్పి చూడవచ్చా అని అడిగితే కుదరదన్నారు.

పాటలో ఇద్దరు పట్టుదలకు పోయారు. ఎవరూ చేయి పెట్టని రైఫిల్‌కు పలికే ధరను కూడా దాటించేశారు. దాని మీద వేలం సంస్థ కమిషన్ మరో పావు వంతు. గెలిచిన కుర్రవాడి ముఖం వెలిగిపోతోంది. నేను వెనక వరసలో కూర్చుని కూడా లేచి చెప్పలేదు. ఉద్యోగికి చెప్పాను కదా అని సర్దిచెప్పుకున్నాను. నా పనితనం ఇంతమంది కళ్లు కప్పిందన్న గర్వం కూడా ఏ మూలో ఉండి ఉంటుంది.

కర్ర సంగతే ఇంకొంచెం చెబుతాను, నాకు తెలిసింది అదే కనుక. కర్మాగారం నుంచి వచ్చిన కర్ర ఇనుము పక్కన సాధారణంగా వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటుంది. చేతి బొటనవేలితో అడ్డంగా తడిమితే తెలుస్తుంది. గరుకు కాగితంతో రుద్దిన కర్ర ఇనుము కన్నా కిందికి దిగిపోతుంది, తనిఖీదారుల ముద్రలు మసకబారుతాయి. అమ్మేవాళ్లు దాన్ని ‘శుభ్రం చేసినది’ అంటారు. ఇనుముదీ అదే కథ. మళ్లీ మెరుగుపెట్టి పూత వేసిన చోట అక్షరాల అంచులు కరిగిన మైనంలా ఉంటాయి, మర రంధ్రాల అంచులు లోపలికి జారతాయి. నిగనిగలాడే నలుపు కింద తుప్పు తిన్న గుంటలు కనబడితే, ముందు తుప్పు, తరవాత పూత అన్నమాట.

నంబర్లన్నీ కలిశాయన్న మాటనూ, అంటే తుపాకీ భాగాలన్నిటి మీదా ఒకే నంబరు ఉందన్న మాటనూ, గుడ్డిగా నమ్మలేం. రెండో ప్రపంచ యుద్ధంలో చేజిక్కిన జర్మన్ కె98కె రైఫిళ్లను సోవియట్ సైన్యం విప్పి, భాగాలు కలగలిపి, మళ్లీ బిగించి, తూటాను లోపలికి నెట్టి మూసే బోల్టు మీద కొత్తగా నంబరు చెక్కింది. వాటి గురించి ‘నంబర్లు కలిశాయి’ అని రాస్తే అబద్ధం కాదు, నిజమూ కాదు. జపాన్ లొంగిపోయాక అప్పగించిన రైఫిళ్ల మీద చక్రవర్తి చామంతి గుర్తును అరగదీశారు. చామంతి చెక్కుచెదరకుండా ఉన్నవాటికి ధర ఎక్కువ కాబట్టి అరిగిన చోట మళ్లీ పువ్వు పూయించేవాళ్లు తయారయ్యారు. అరగదీసిన చోటు పల్లమవుతుంది కనుక అలాంటి పువ్వు పల్లంలో పూస్తుంది.

మార్చినదంతా పాడైనట్టు కాదు. 1857 తిరుగుబాటు పాఠంలో అందరూ చదివిన ఎన్‌ఫీల్డ్ 1853 రైఫిళ్లను 1866 నుంచి స్నైడర్ పద్ధతిలో వెనక నుంచి తూటా పెట్టేలా మార్చింది బ్రిటిష్ సైన్యమే. ఆ మార్పు చరిత్రలో భాగం, దానికి డబ్బు పెట్టవచ్చు. నేను వేసిన అతుకు మాత్రం చరిత్ర కాదు, మరమ్మతు. మరమ్మతుకు మరమ్మతు ధరే ఇవ్వాలి.

డబ్బుతో పోయేది కాక ప్రాణం మీదికి తెచ్చేవీ ఉన్నాయి. అమెరికా సైన్యం వాడిన 1903 నమూనా స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్లలో, స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాలలో తయారై 8,00,000 లోపు నంబరు ఉన్నవాటి ఉక్కును కాల్చి గట్టిపరచడంలోనే లోపం జరిగింది. కొన్ని పేల్చినప్పుడు పగిలిపోయాయి. గోడకు తగిలించుకునేవారికి ఇబ్బంది లేదు. పేల్చి చూద్దామనుకునేవారికి ఆ నంబరు తెలియాలి.

మీరు ఇకముందు ఫలానా రైఫిల్ ఇంత పలికిందని రాసేటప్పుడు అది ఏ స్థితిలో ఉందో కూడా అడిగి రాయండి. ప్రదర్శన రోజున ఆ ఒక్క పట్టీ తెరిచి ఫొటో తీయడానికి ఎందుకు ఒప్పుకోరని వేలం సంస్థలను అడగండి. అయిదు నిమిషాల పని అది.

ఆ రైఫిల్ కొన్న అబ్బాయి ఈ ఉత్తరం చదివితే ఒక మాట. బాబూ, మధ్య పట్టీ మర విప్పి పట్టీ తెరిచి చూడు. కింద దారమంత సన్నని గీత కనబడుతుంది. ముందు కర్ర పూర్తిగా దించగలిగితే, గొట్టం కూర్చునే గాడిలో పెన్సిలుతో నెల, సంవత్సరం రాసి ఉంటాయి. ఆ చేతిరాత నాది.

— ఒక వడ్రంగి