జిన్సెంగ్ సరే, ముందు రక్తపరీక్ష చేయించుకోమని రాయరేం?

ఎడిటర్ గారికి నమస్కారం.

పది రోజుల కిందట ఆదివారం పేజీలో జిన్సెంగ్ వేరు మీద "నీరసానికి చైనా సంజీవని" అని వేశారు కదా, దాని గురించే. అప్పుడే రాద్దామనుకున్నా, మా చెల్లెల్ని ఆస్పత్రికి తిప్పడంతోనే సరిపోయింది. ఆవిడ కథా జిన్సెంగ్ కథే లెండి.

ఆర్నెల్లుగా ఆవిడకి రెండు మెట్లెక్కితే ఆయాసం. మందుల షాపతను ఏం అడక్కుండానే జిన్సెంగ్ కాప్సూల్స్ డబ్బా చేతిలో పెట్టాడు, చైనా వేరమ్మా, గుర్రంలా పరిగెడతారు అని. మూడు డబ్బాలు మింగింది. నేను ముప్పై ఏళ్ళు ల్యాబ్‌లో రక్తాలు చూసినవాణ్ణి, కింది కనురెప్ప లాగి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. టెస్ట్ చేయిస్తే హిమోగ్లోబిన్ 6.8, బాగా రక్తహీనత! గర్భసంచిలో గడ్డలుండి నెలనెలా రక్తం పోతోందట. ఆ డబ్బా భూతద్దం పెట్టి చూద్దును కదా, ఓ మూల చీమ తలకాయంత అక్షరాల్లో "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అని ఉంది. డబ్బా మీద వాళ్ళే మందు కాదని రాసుకుంటే మీరేమో సంజీవని అంటారు.

"పరిశోధనల్లో తేలింది" అని నాలుగుసార్లు రాశారు. ఏ పరిశోధన, ఎంతమంది మీద, ఎన్నాళ్ళు? 2013లో వచ్చిన అమెరికా ట్రయల్ ఒకటుంది, క్యాన్సర్ వల్ల నీరసపడ్డ 364 మందిలో కొందరికి రోజుకి 2000 మిల్లీగ్రాముల జిన్సెంగ్, మిగతావాళ్ళకి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు, నాలుగు వారాలకి చెప్పుకోదగ్గ తేడా లేదు, ఎనిమిది వారాలకి కాస్త మెరుగు. అదీ విస్కాన్సిన్‌లో పండే అమెరికా రకం, మీరు రాసిన చైనా వేరు కాదు. కొరియాలో 90 మంది మీద నాలుగు వారాలు చేసిందొకటి, కొంత అలసట తగ్గిందన్నారు. ఇంతోటిదానికి సంజీవనా? ఇక చైనా జర్నల్స్ సంగతి, చీటీ వేసినట్టు రోగుల్ని విడదీశామని చెప్పుకున్న 2235 ట్రయల్స్ రాసినవాళ్ళకి ఫోన్లు చేసి ఆరా తీస్తే పద్ధతిగా చేసినవి 207, ఇది 2009లో అచ్చయింది, ఆ ఆరా తీసినవాళ్ళలో ఎక్కువమంది చైనావాళ్ళే.

చైనా వైద్యం మీద నాకు కక్షేం లేదు. మలేరియా మందు ఆర్టిమిసినిన్ వాళ్ళ పాత పుస్తకంలోంచే అక్కడి శాస్త్రవేత్త తూ యూయూ గారు పట్టుకున్నారు, 2015లో నోబెల్ వచ్చింది, కానీ తాతలనాటిది కదా అని గుడ్డిగా నమ్మెయ్యలేదు, ఎలకలకీ కోతులకీ ఇచ్చి చూసి, తర్వాత తనే మింగి చూశారు. అసలు అక్కడి వైద్యులు కూడా నీరసం అనగానే జిన్సెంగ్ ఒక్కటే చేతిలో పెట్టరు, నాడి, నాలుక చూసి 13వ శతాబ్దం నాటి లి దోంగ్‌యువాన్ చెప్పిన ఎనిమిది మూలికల కషాయం లాంటివి మనిషిని బట్టి ఇస్తారు. మన షాపులో నాడి లేదు నాలుక లేదు, ఉన్నదల్లా బిల్లు, అదీ అడిగితేనే.

డ్రగ్స్ ఆఫీసులో అడిగితే ఇది మందు కాదు, ఫుడ్ వాళ్ళనడగమన్నారు, ఫుడ్ వాళ్ళేమో షాపు మాది కాదన్నారు. మందుల షాపులో అమ్మేది మందు కాకపోతే మరి పప్పులుప్పులా? రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతానికి రక్తహీనత అని 2019-21 కేంద్ర సర్వేలోనే ఉంది, ఐరన్ మాత్రలు పీహెచ్‌సీలో ఊరికే ఇస్తారు, దాని గురించి రెండు ముక్కలు రాయడానికి మాత్రం మీకు చోటుండదు, వ్యాసం పక్కనే అరపేజీ టానిక్ యాడ్‌కి ఉంటుంది. పైగా గుండె జబ్బుకి వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా జిన్సెంగ్ వేసుకోకూడదన్న ఒక్క లైను కూడా లేదు!

కనీసం వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో ఓ సవరణ వేయండి. మా చెల్లెలు ఇప్పుడు ఐరన్ మీద ఉంది, ఆపరేషన్ వచ్చే నెల. మిగిలిన సగం డబ్బా పారేస్తానంటే ఒప్పుకోవట్లేదు, డబ్బులు పోసి కొన్నది కదన్నయ్యా అంటుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్, గుంటూరు జిల్లా