చీపురుపల్లిలో ఆగిపోయిన బేస్ మనదే

మన షాపు నుంచి వాయిద్యాలు అద్దెకు తీసుకెళ్లే ఆర్కెస్ట్రా వాళ్లకి, చర్చి కోయర్ వాళ్లకి, కాలేజీ బ్యాండ్ పిల్లలకి ఒక సంగతి చెప్పాలి. మొన్న వినాయక చవితి ప్రోగ్రామ్‌లో చీపురుపల్లిలో నాలుగో పాటకే బేస్ గిటార్ ఆగిపోయిందని అందరూ అనుకుంటున్నారు కదా, అది మన బేసే. వాయించిన అబ్బాయికి ట్యూనింగ్ రాదని ఎవరో అంటుంటే గంటస్తంభం దగ్గర టీ తాగుతూ నా చెవులతో విన్నాను. ఆ అబ్బాయి తప్పు అణువంత కూడా లేదు. హెడ్ దగ్గర, అంటే తీగలు బిగించే కీలు ఉండే చివర, బీట ఉందని నాకు ముందే తెలుసు. తెలిసే పంపించాను.

జూన్‌లో సాలూరు నుంచి తిరిగొస్తుంటే వ్యాన్‌లో స్పీకర్ బాక్స్ దాని మీదకి ఒరిగింది. మెత్తటి సంచిలో పెట్టాం, అదో తప్పు. హెడ్ వెనక్కి వంగి ఉండే రకం అది. ఆ వంపు దగ్గర చెక్క నార అడ్డంగా తెగి ఉంటుంది, లోపల ట్రస్ రాడ్ (మెడ వంగకుండా పట్టి ఉంచే ఇనప కడ్డీ) కోసం గాడి కూడా తీసి ఉంటుంది కాబట్టి దెబ్బ ఎక్కడ తగిలినా విరిగేది అక్కడే. నాలుగు తీగలు బిగిస్తే అన్నీ కలిపి 70 కిలోలకు పైగా లాగుతాయి, అంటే పగలూ రాత్రీ ఒక మనిషి ఆ హెడ్‌కి వేలాడుతున్నట్టే.

కొత్తది కొనేయొచ్చు కదా అని మీలో చాలామంది అన్నారు. 2006లో విశాఖలో ఒక ఆర్కెస్ట్రా మూసేస్తుంటే 14 వేలు పెట్టి తెచ్చిన బేస్ అది. అప్పటికి షాపు లేదు, ఇంటి వరండాలోంచే అద్దెకిచ్చేవాణ్ణి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపానుకి రేకులు లేచిపోయి రెండు కీబోర్డులు, మిక్సర్ నీళ్లపాలైతే మంచం మీద దుప్పట్లో చుట్టి పెట్టిన ఇదొక్కటీ మిగిలింది. కరెంటు వచ్చాక మొదటి అద్దె దీని మీదే వచ్చింది. అమ్ముదామని ఒకాయనకి ఫోటోలు పంపితే ఐదు వేలు ఇస్తానన్నాడు, పికప్‌లు (తీగల మోతని పట్టి స్పీకర్‌కి పంపేవి), కీలు ఊడదీసుకుని మిగతాది పడేస్తాడట. కోపం వచ్చి ఫోన్ పెట్టేశాను. ఆయన చెప్పిన ధర సరైనదే, అందుకే ఇంకా కోపం వచ్చింది.

సరే, నెక్, అంటే వేళ్లు పెట్టి వాయించే పొడుగాటి మెడ, మొత్తం మారుద్దాం అనుకున్నాను. బాడీకి నాలుగు బోల్టులతో బిగించే నెక్కే కాబట్టి సరైనది దొరికితే గంట పని. ఇక్కడే ఒక సప్లయర్ గురించి చెప్పాలి. పేరు చెప్పను, పదకొండేళ్లుగా తీగలు, డ్రమ్ము తోళ్లు, కేబుళ్లు అన్నీ ఆయన దగ్గరే తెప్పించాను, ఒక్కసారి కూడా బాకీ పెట్టలేదు. కొలతలన్నీ కాగితం మీద రాసి ఫోటో తీసి పంపాను. నట్ (హెడ్ దగ్గర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే చోటు) దాకా 34 అంగుళాలు, బాడీలో కూర్చునే చోట వెడల్పు ఇంత, మందం ఇంత, బోల్టుల మధ్య దూరం ఇంత అని. 6,500 అడ్వాన్స్ తీసుకుని పది రోజులన్నాడు. పది రోజులు ఏడు వారాలైంది. మొదట్లో ఫోన్ ఎత్తేవాడు, తర్వాత వాళ్ల కుర్రాడు ఎత్తేవాడు, తర్వాత వాట్సాప్‌లో దండం బొమ్మ ఒకటి వచ్చేది. ఆఖరికి పార్శిల్ వచ్చింది. నట్ నుంచి పన్నెండో ఫ్రెట్ (మెడ మీది మెట్టు) దాకా టేపు పెట్టాను. 34 అంగుళాల బేస్‌కి సరిగ్గా సగం, 17 రావాలి. 15 వచ్చింది. చిన్న బేస్ నెక్, 30 అంగుళాలది పంపాడు. అది బిగిస్తే విడి తీగ శ్రుతి కలుస్తుంది గానీ వేలు పైకి జరిగేకొద్దీ ప్రతి స్వరమూ తప్పుతుంది. ఫోన్ చేస్తే, "బేస్ అంటే బేసే కదా సార్, కొంచెం అరగదీయించుకోండి" అన్నాడు. నాలుగు అంగుళాల తేడాని అరగదీయించుకోమన్నాడు! తిరిగి పంపాను, దాని రవాణా ఖర్చు కూడా నాదే, అడ్వాన్స్ ఇవాళ్టికీ రాలేదు. ఇక ఆయన దగ్గర ఒక పిక్ ముక్క కూడా కొనను. తీగల ధర ఇంకోచోట సెట్‌కి 150 ఎక్కువే, అయినా కొనను.

ఇదంతా చదివి మా ఆవిడ, "ఆయన గురించి ఇంత రాశారు, మీరు చేసింది ఏదీ?" అని అడిగింది. రాస్తున్నాను.

చవితి బుకింగ్ నెల ముందే ఒప్పుకున్నాను. నెక్ రాలేదని చెబితే ఇంకో షాపుకి పోతారని భయం, పైగా "ఆయన దగ్గరన్నీ పాత సామాన్లే" అని ఈమధ్య ఒకరు అన్న మాట గుచ్చుకుని ఉంది. బీటలోకి సూపర్ గ్లూ పోసి, తాడుతో కట్టి, మర్నాడు తీగలు ఎక్కించాను. రెండు రోజులు షాపులో బాగానే పలికింది. అక్కడ స్టేజి మీద లైట్ల వేడికి, ప్రతి పాటకీ బిగించి వదలడానికి ఆ గమ్ము ఆగలేదు. అబ్బాయి పాట పాటకీ ట్యూన్ చేసుకుంటూనే ఉన్నాడు, అతను ఎంత బిగిస్తే హెడ్ అంత లేచిపోతోంది. నాలుగో పాటలో లావు తీగ పూర్తిగా జారిపోయింది. మిగతా ప్రోగ్రామ్ కీబోర్డు ఎడమ చేత్తో లాక్కొచ్చారు. ఆ ఆర్కెస్ట్రా వాళ్లకి బేస్ అద్దె మొత్తం తిరిగిచ్చేశాను, వచ్చేసారి ఏ సామాను కావాలన్నా అద్దె లేకుండా ఇస్తానన్నాను. ఆ అబ్బాయిని షాపుకి పిలిచి నా నోటితోనే చెప్పాను. ఏమీ అనలేదు, తల ఊపి వెళ్లిపోయాడు.

తర్వాత బొబ్బిలి దగ్గర గొల్లపల్లి వెళ్లాను. వీణలు చేసే ఊరు కదా, చెక్క సంగతి వాళ్లకి తెలిసినంత నాకు తెలియదు. ఒక పెద్దాయన హెడ్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటి బాబూ, మేం పనస దుంగలోంచి అతుకు లేకుండా ఒకే ముక్కగా వీణ తియ్యడానికి అవస్థ పడతాం, నువ్వు అతుకు వెయ్యమని వచ్చావా?" అని నవ్వారు. గమ్ము ఎవరు పోశారని అడిగితే ఒక్క క్షణం అబద్ధం చెబుదామనిపించింది. నేనే అన్నాను. చీలిక పొడుగ్గా, శుభ్రంగా ఉందట, మొదటిరోజే చెక్క గమ్ము పట్టించి బిగించి ఉంటే చక్కగా అతుక్కునేదట. సూపర్ గ్లూ చెక్క పీల్చేసుకున్నాక కొత్త గమ్ము లోపలికి దిగదు, అందుకని దాన్ని గీకి తీయడానికే రెండు రోజులు పట్టింది. గీకినప్పుడు కాస్త చెక్క కూడా పోయింది, ఆ మేరకు ఆ చోటు సన్నబడింది. వెనక వైపు రెండు సన్నటి చెక్క బద్దలు దిగేసి, క్లాంపులు వేసి వారం కదపకుండా ఉంచారు. తీసుకున్నది 1,800. ఎక్కువ ఇస్తానంటే వద్దన్నారు.

ఇప్పుడు తీగలు ఎక్కించి పన్నెండు రోజులైంది, శ్రుతి దిగలేదు. అయినా దాన్ని ఇక అద్దెకివ్వను, అమ్మను కూడా. బాగైంది కదా అని ఇద్దరు అడిగారు, ఒకాయన పది వేలు కూడా ఇస్తానన్నాడు. బీట కనబడకుండా రంగు వేయించి అమ్ముకోవచ్చని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు, వాళ్లకి నమస్కారం.

సిరిమానోత్సవానికి, క్రిస్మస్‌కి బేస్ బుక్ చేసుకున్నవాళ్లు టెన్షన్ పడొద్దు. విశాఖ వెళ్లి కొత్త నాలుగు తీగల బేస్ తెచ్చాను, గట్టి పెట్టెతో సహా. సంక్రాంతి దాకా అద్దె పాతదే. ప్రోగ్రామ్‌కి ముందురోజు సాయంత్రం వచ్చి మీరే గంట వాయించి చూసుకుని తీసుకెళ్లండి. ఇదంతా చదివాక బుకింగ్ వద్దనిపిస్తే అడ్వాన్స్ తిరిగిస్తాను, కారణం అడగను. ఐదు తీగల బేస్ ఉందా అని అడిగేవాళ్లకి, ఈ ఏడాది లేదు.

పాతది కౌంటర్ వెనక గోడకి తగిలించాను, వెనక వేసిన బద్దలు కనబడేలా తిప్పే పెట్టాను. షాపుకి వచ్చినప్పుడు వాయించాలనిపిస్తే దించి ఇస్తాను. కీలు మాత్రం ఎవరూ తిప్పొద్దు.